తూలకుండా నిలకడ రాదు

“రోజూ గంటసేపు నడుస్తాను, నాకు ఇంకో వ్యాయామం దేనికి?” అరవై దాటినవారి నోట తరచూ వినిపించే మాట ఇది. నడక మంచిదే, మానమని ఎవరూ చెప్పరు. గుండెకు, రక్తంలో చక్కెరకు, మనసుకు అది చేసే మేలు చిన్నది కాదు. అయినా అంతదూరం నడిచే మనిషే ఒకనాడు వెనుక నుంచి ఎవరో పిలిస్తే గబుక్కున తిరగబోయి పడిపోతాడు. గంట నడకలో ఆయన కాళ్లు వేలసార్లు ముందుకు కదిలాయి. పక్కకు, వెనక్కు, ఒక కాలి మీద బరువు మోపి మళ్లుతూ ఎన్నిసార్లు కదిలాయి? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏ పని చేయిస్తే ఆ పనే ఒంటికి అలవడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 65 ఏళ్లు దాటినవారిలో దాదాపు మూడోవంతు మంది ఏడాదికి ఒక్కసారైనా పడుతున్నారు. “వయసు మీద పడింది, ఏం చేస్తాం” అని సరిపెట్టుకోవడం మనకు అలవాటు. నిజానికి ఈ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. చిక్కల్లా, మనం వ్యాయామం పేరుతో పెద్దవాళ్ల చేత చేయిస్తున్నది చాలాసార్లు అది కాకపోవడమే.

ముందు నిలబడటం అంటే ఏమిటో చూద్దాం. అరచేతి మీద పొడవాటి కర్రను నిలబెట్టి ఆడే పిల్లవాణ్ని గుర్తు చేసుకోండి. కర్ర నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, కింద చేయి క్షణం కూడా ఆగదు. కర్ర ఎటు ఒరిగితే అటు జరుగుతూనే ఉంటుంది. మన నిలబాటూ అంతే. కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్లు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, చీలమండల దగ్గరి కండరాలు దాన్ని సరిదిద్దుతూ ఉంటాయి. ఒరిగామన్న సంగతి మెదడుకు మూడు దారుల్లో తెలుస్తుంది. కళ్లు చెబుతాయి. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు తల తిరగడాన్ని, వాటి పక్కనే సున్నపు స్ఫటికాలు పేరుకుని ఉండే సంచులు తల వంగడాన్ని పసిగడతాయి. పాదాల చర్మం, కీళ్లు, కండరాలు నేల ఎలా ఉందో, ఏ కాలి మీద ఎంత బరువుందో చెబుతాయి.

వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. అయితే ఒకటి తగ్గితే మిగతా రెండూ కొంతకాలం ఆ లోటు కప్పిపుచ్చుతాయి. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఎక్కువగా కళ్ల మీద ఆధారపడతారు, ఆ సంగతి వారికే తెలియదు. రాత్రి దీపం వేయకుండా లేచిన రోజున బయటపడుతుంది. పాదాలు దగ్గరగా పెట్టించి కళ్లు మూసుకోమని వైద్యులు చేసే పరీక్ష కిటుకు కూడా అదే. 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ పేరు మీద అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

కబురు అందితే సరిపోదు, దాని మీద చర్య జరగాలి. కొద్దిగా ఒరిగితే చీలమండలే చూసుకుంటాయి. ఇంకాస్త ఒరిగితే తుంటి దగ్గర ఒళ్లు వంచి సర్దుకుంటాం. అదీ దాటితే మిగిలే దారి ఒక్కటే, గభాలున ఒక అడుగు వేయడం. మనిషి పడతాడా నిలుస్తాడా అన్నది చాలాసార్లు ఆ ఒక్క అడుగు మీద ఆధారపడి ఉంటుంది, దానికి దొరికే వ్యవధి సెకను కూడా ఉండదు. వయసు మళ్లేకొద్దీ కండరం మొత్తంగా తగ్గినా, వేగంగా ముడుచుకునే పోగులు ముందు తగ్గుతాయి. అందుకే బరువు మోయగల బలం కన్నా చురుగ్గా స్పందించే శక్తి త్వరగా క్షీణిస్తుంది. బియ్యం బస్తా జరపగలిగిన మనిషి కూడా కాలు జారినప్పుడు సమయానికి అడుగు వేయలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పోయింది తిరిగి రాదనుకోవడం మాత్రం తప్పు. 1990లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమంది చేత తొడ కండరాలకు బరువులతో గట్టి సాధన మొదలుపెట్టించింది. ఎనిమిది వారాలు పూర్తి చేసిన తొమ్మిదిమంది బలం సగటున 174 శాతం పెరిగింది. చిన్న అధ్యయనమే, పోల్చి చూడటానికి మరో బృందం కూడా లేదు. అయినా తొంభైలలో కండరం బలపడదన్న నమ్మకం దానితో బీటలు వారింది. 1994లో అదే బృందం వందమందితో, ఈసారి పోలికకు తగిన ఏర్పాటుతో, మళ్లీ పరీక్షించినప్పుడూ బలం రెట్టింపుకు పైగా పెరిగింది.

పడటం తగ్గాలంటే ఏ వ్యాయామం చేయాలన్నది వేరే ప్రశ్న. దీనికి ఇప్పుడున్న గట్టి ఆధారాల్లో ఒకటి, ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష. 108 పరీక్షలు, 23,407 మంది. మొత్తం మీద వ్యాయామం పడటాన్ని 23 శాతం తగ్గించింది. శాతం అంటే అంతుపట్టదు కాబట్టి ఇలా చూడండి: వెయ్యిమంది పెద్దవాళ్లు ఏడాదిలో 850 సార్లు పడతారనుకుంటే, వ్యాయామంతో ఆ సంఖ్య 655కు దిగుతుంది. నిలకడను, రోజువారీ కదలికలను సాధన చేయించిన పద్ధతులు 24 శాతం, వాటికి కండర బలాన్నీ జోడించినవి 34 శాతం తగ్గించాయి. నెమ్మది కదలికల చైనా వ్యాయామం తాయ్ చీ 19 శాతం. నడక ఒక్కటే చేయించిన పద్ధతుల గురించి, బరువులు మాత్రమే ఎత్తించిన వాటి గురించి సమీక్షకులు ఏదీ నమ్మకంగా చెప్పలేకపోయారు.

నడక గురించి ఇంకో ఉదంతం. 1997లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరీక్షలో, అంతకుముందు చేయి విరిగిన మహిళలను చురుగ్గా నడవమని ప్రోత్సహించారు. ఎముకలు గట్టిపడతాయని ఆశ. చూస్తే నడిచిన బృందంలోనే పడినవారు ఎక్కువయ్యారు. దీన్ని బట్టి నడక చెడ్డదని అనలేం. పడే అవకాశం ఎక్కువున్న మనిషికి నిలకడ నేర్పకుండా నడక పెంచితే, పడే సందర్భాలు పెరుగుతాయి, అంతే. ముందు నిలకడ, ఆ తర్వాతే దూరం.

మరి నిలకడ ఎలా వస్తుంది? ఇక్కడే అసలు మెలిక. నిలకడ తప్పబోయే స్థితికి వెళ్లి వెనక్కి రావడమే నిలకడకు సాధన. తూలే అవసరం రాని వ్యాయామంలో మెదడుకు సరిదిద్దాల్సిన తప్పే దొరకదు, నేర్చుకునేదీ ఉండదు. కుర్చీలో కూర్చోబెట్టి చేతులు పైకీ కిందికీ ఆడించే ‘పెద్దల వ్యాయామాలు’ నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. నిలబడలేని వారికి అవి అవసరం, కాదనను. నిలబడగలిగిన మనిషిని జాగ్రత్త పేరుతో కూర్చోబెట్టడం మాత్రం ఆయనకు మేలు చేయదు. ఈతకు భయపడేవారికి గట్టు మీద పాఠాలు చెప్పినట్టు ఉంటుంది.

తూలాలి గానీ పడకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి జాగాలోనే సాధన అంతా జరగాలి. ఆ జాగాను కల్పించడానికి మార్గాలు కొన్నే ఉన్నాయి. పాదాల మధ్య దూరం తగ్గించడం మొదటిది. విడిగా పెట్టిన పాదాలను దగ్గరకు చేర్చండి. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరపండి. ఆ తర్వాత ముందు పాదం మడమ వెనుక పాదం వేళ్లకు ఆనేలా ఒకే గీత మీద నిలబడండి. చివరికి ఒంటికాలు. రెండో మార్గం బరువును కదపడం: ఒక కాలి మీద నుంచి మరోదాని మీదకు, మునివేళ్ల మీద నుంచి మడమల మీదకు. మూడోది చేతి ఊతాన్ని తగ్గిస్తూ పోవడం. రెండు చేతులతో పట్టుకున్నవారు ఒక చేత్తో, తర్వాత రెండు వేళ్లతో, ఆ తర్వాత ఏమీ పట్టుకోకుండా. ఊతం చేతికి అందేంత దగ్గరలో ఉండాలి, చేయి మాత్రం దాని మీద ఉండకూడదు. రెండు గోడలు కలిసే మూల వైపు వీపు పెట్టి, ముందు బరువైన కుర్చీ ఒకటి వేసుకుంటే ఇంట్లో ఇంతకన్నా భద్రమైన చోటు ఉండదు. ఇవన్నీ తేలికయ్యాక తలను కుడి ఎడమలకు తిప్పడం, లెక్కలు వేస్తూ చేయడం, మరీ నిలకడగా ఉన్నవారైతే కళ్లు మూసుకోవడం.

ఎంత కష్టంగా ఉండాలన్నదానికి నేను చెప్పే కొలత ఇది. పది సెకన్లు కదలకుండా హాయిగా నిలబడగలిగితే అది మీకు తేలికైపోయింది, తర్వాతి మెట్టు ఎక్కండి. ప్రతిసారీ ఊతం పట్టుకోవాల్సి వస్తుంటే ఒక మెట్టు దిగండి. చీలమండలు వణుకుతూ, అయినా నిలబడగలుగుతుంటే సరైన చోటే ఉన్నారు.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో జాన్ క్యాంప్‌బెల్, క్లేర్ రాబర్ట్‌సన్ తదితరులు 1990లలో రూపొందించిన పద్ధతి ఈ సూత్రాన్ని ఇంటి గుమ్మం దాకా తెచ్చింది. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి మనిషిని పరీక్షించి, ఆ మనిషికి తగిన మెట్టు ఎంచి, వ్యాయామాలు నేర్పి వెళతారు. చీలమండలకు బరువుల పట్టీలు కట్టుకుని మోకాలు చాచడం, మడవడం, కాలు పక్కకు ఎత్తడం బలం కోసం. ముందు పాదం మడమను వెనుక పాదం వేళ్లకు ఆనిస్తూ నడవడం, వెనక్కి నడవడం, ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం నిలకడ కోసం. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. నడక ఇందులోనూ ఉంది, వేరే రోజుల్లో. 1997లో వెలువడిన తొలి పరీక్ష 80 ఏళ్లు, అంతకు పైబడిన మహిళల మీదే జరిగింది. నాలుగు పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే పడటం 35 శాతం తగ్గింది. రెండోసారి వచ్చినప్పుడు ఫిజియోథెరపిస్టు పాత పాఠాన్నే మళ్లీ అప్పజెప్పించుకోరు, కష్టం పెంచి వెళతారు. ఈ పద్ధతి బలం అక్కడే ఉందని నా అభిప్రాయం. వీడియో చూసి ఏడాదంతా అవే కదలికలు చేసేవారికి తక్కువయ్యేదీ ఇదే.

తాయ్ చీది మరో దారి. చూడటానికి అంత నెమ్మదైన కదలికలు ఏం మేలు చేస్తాయనిపిస్తుంది. సైకిలు తొక్కినవారికి సమాధానం తెలుసు. వేగంగా పోతున్న సైకిలు తనంతట తాను నిలబడుతుంది, నెమ్మదించినప్పుడే తొక్కేవాడి నేర్పు బయటపడుతుంది. చకచకా నడిచేటప్పుడు ఒంటికాలి మీద ఉండే క్షణం ఇట్టే దాటిపోతుంది. తాయ్ చీలో ఆ క్షణాన్ని సాగదీస్తారు. మోకాళ్లు కాస్త వంచి, బరువును ఒక కాలి నుంచి మరో కాలికి పూర్తిగా మారుస్తూ, నడుము, తల, చూపు కలిపి తిప్పుతారు. అమెరికాలోని ఓరెగన్‌లో ఫుజోంగ్ లీ బృందం 70 దాటి, పడే ప్రమాదం ఎక్కువున్న 670 మందిని మూడు బృందాలు చేసి ఆరు నెలలు సాధన చేయించింది. 2018లో వెలువడిన ఫలితాల్లో, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారితో పోలిస్తే ప్రత్యేకంగా మలచిన తాయ్ చీ చేసినవారు 58 శాతం తక్కువసార్లు పడ్డారు. బలం, నిలకడ, నడక కలగలిపిన వ్యాయామాలు చేసినవారి కన్నా కూడా 31 శాతం తక్కువే. కోక్రేన్ సమీక్ష చెప్పిన 19 శాతంతో ఇది పొసగదే అనిపించవచ్చు. తాయ్ చీ అన్న పేరు కింద చాలా రకాలున్నాయి. ఒరిగే అంచుల దాకా తీసుకెళ్లేలా నేర్పినదీ అందులోనే ఉంటుంది, అందంగా చేతులు కదిపి ముగించేదీ అందులోనే ఉంటుంది.

వ్యాయామానికంటూ వేళ కేటాయించడం ఇష్టం లేనివారి కోసం సిడ్నీలో లిండీ క్లెమ్సన్ బృందం మూడో దారి వేసింది. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, కింది అరలోని వస్తువు తీయడానికి నడుము బదులు మోకాళ్లు వంచడం, గదిలోంచి గదిలోకి వెళ్లేటప్పుడు ఒకే గీత మీద నడవడం, ఇలా సాధనను పనుల్లోనే కలిపేశారు. అంతకుముందు ఏడాదిలో పడిన చరిత్ర ఉన్న 317 మందితో చేసిన ఈ పరీక్ష 2012లో వెలువడింది, పడటం 31 శాతం తగ్గింది.

ఎంతకాలం చేయాలి? నిలకడకు గట్టి పరీక్ష పెడుతూ వారానికి మూడు గంటలకు మించి చేయించిన పద్ధతులు పడటాన్ని 39 శాతం దాకా తగ్గించాయని 2017 నాటి ఒక సమీక్ష తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవారికి వారంలో కనీసం మూడు రోజులు నిలకడ, బలం కలిసిన సాధన చేయమంటున్నాయి. మానేస్తే ఫలితమూ పోతుంది. రక్తపోటు మాత్ర లాంటిదే ఇదీ.

ఇంతవరకూ కాళ్ల సంగతి. మనసు కాళ్లకన్నా తక్కువదేమీ కాదు. ఒకసారి పడ్డవారిలో, కొన్నిసార్లు అసలు పడనివారిలో కూడా, పడతానేమోనన్న భయం పాతుకుపోతుంది. భయపడే మనిషి బిగుసుకుని, పాదాలు ఈడుస్తూ, చూపు నేల మీద పెట్టి నడుస్తాడు. బిగుసుకున్న చీలమండ చిన్న ఒరుగును సర్దుకోలేదు. క్రమంగా బయటికి వెళ్లడం తగ్గిస్తాడు, కండరం తగ్గుతుంది, భయం నిజమవుతుంది. ఇంట్లోవాళ్ల ప్రేమ కూడా దీనికి తోడవుతుంది. “మీరు లేవకండి నాన్నగారూ, నేను తెస్తాను” అన్న ప్రతిసారీ కుర్చీలోంచి లేచే ఒక సాధన ఆయనకు తప్పిపోతుంది. వ్యాయామం ఈ భయాన్ని కొంత తగ్గిస్తుంది. బృందంగా చేస్తే అదనంగా దక్కేది మాట, నవ్వు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి. చాలామంది ఎనిమిదో వారం దాటి కొనసాగడానికి కారణం తొడ కండరాలు కాదు, ఈ మనుషులే.

మెదడు పాత్ర గురించి 1997లో స్వీడన్ పరిశోధకులు ఒక చక్కని సంగతి గమనించారు. సంరక్షణ గృహంలోని వృద్ధులతో పాటు నడుస్తూ మాట కలిపారు. జవాబు చెప్పడానికి నడక ఆపేసినవారిలో ఎక్కువమంది ఆ తర్వాతి ఆరు నెలల్లో పడ్డారు. నడక వారికి పూర్తి ధ్యాస కోరే పనిగా మారిందన్నమాట. నడుస్తూ వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమనే సాధనకు మూలం ఈ ఆలోచనే.

ఇదే కోవలో ఒంటికాలి పరీక్ష ఒకటి బాగా ప్రచారం పొందింది. 2022లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనంలో 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని పది సెకన్లు ఒంటికాలిపై నిలబడమన్నారు. నిలబడలేకపోయినవారికి తర్వాతి సంవత్సరాల్లో మరణించే ముప్పు 84 శాతం ఎక్కువగా కనిపించింది. దీన్ని చదివి ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని చెప్పేవారు బయల్దేరారు. థర్మామీటరును చన్నీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు. ఆ పది సెకన్లు లోపలి ఆరోగ్యానికి ఒక సూచిక మాత్రమే.

వ్యాయామంతో తీరని తూలు కూడా ఉంటుంది. పడక మీద నుంచి లేచిన మూడు నిమిషాల్లో పై రక్తపోటు 20, లేదా కింది రక్తపోటు 10 పాయింట్లు పడిపోతుంటే దాని సంగతి వైద్యులు చూడాలి. పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతుంటే లోపలి చెవిలోని స్ఫటికాలు దారి తప్పి ఉండవచ్చు. తలను ఒక క్రమంలో తిప్పి వాటిని వెనక్కి పంపే చికిత్స ఉంది, దానికి చాలాసార్లు కొన్ని నిమిషాలే పడుతుంది. దూరానికీ దగ్గరకూ కలిపి వాడే కళ్లద్దాలు మెట్లు దిగేటప్పుడు పాదాల దగ్గర మసక కల్పిస్తాయి. ఇక నిద్రమాత్రలు. ఒటాగో బృందమే 1999లో, నిద్రకూ ఆందోళనకూ వాడే మందులను క్రమంగా తగ్గిస్తూ మాన్పిస్తే పడటం 66 శాతం తగ్గిందని చూపింది. పైన చెప్పిన ఏ వ్యాయామమూ ఇంత ఫలితం ఇవ్వలేదు. కానీ పరీక్ష ముగిసిన నెలలోపే వారిలో చాలామంది మళ్లీ మాత్ర మొదలుపెట్టారు. వైద్యుణ్ని అడగకుండా ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే.

ఎంత సాధన చేసినా ఎప్పుడో ఒకసారి పడవచ్చు. కాబట్టి లేవడం కూడా నేర్చుకోవాలి. ఈ భాగాన్ని చాలా పద్ధతులు వదిలేస్తాయి. కేంబ్రిడ్జ్‌లో 90 దాటినవారిని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2008లో వెలువడింది. పడినవారిలో 80 శాతం మంది కనీసం ఒక్కసారైనా తమంతట తాము లేవలేకపోయారు, 30 శాతం మంది గంట, అంతకు మించి నేల మీదే ఉండిపోయారు. లేచే పద్ధతి తెలిసినవారికి సగం కష్టం తగ్గుతుంది. దాన్ని తలకిందులుగా, చివరి నుంచి మొదటికి నేర్పడం మేలు. మొదట కుర్చీ పట్టుకుని ఒక మోకాలు కాస్త వంచి మళ్లీ లేవడం. అది వచ్చాక మోకాలు దిండుకు ఆనించి లేవడం. తర్వాత రెండు మోకాళ్లు, తర్వాత చేతులూ మోకాళ్ల మీద, ఆ తర్వాత పక్కకు ఒరిగి పడుకోవడం. పక్కన ఒక మనిషి ఉండగా, కొన్ని వారాల్లో. నిజంగా పడిన రోజున వరుస తిరగబడుతుంది: ముందు కాసేపు కదలకుండా ఉండి ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి, తుంటి దగ్గర నొప్పి తీవ్రంగా ఉంటే లేవకుండా సాయం కోసం పిలవాలి. లేకుంటే పక్కకు ఒరిగి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీద గట్టి కుర్చీ దాకా పాకి, సీటు మీద చేతులు ఆనించి, బలమైన కాలిని ముందుకు వేసి లేచి, మెల్లగా తిరిగి కూర్చోవాలి. కూర్చున్నాక వెంటనే నడక మొదలుపెట్టకూడదు. కొన్ని నిమిషాలు అలాగే ఉండాలి.